బుధవారం కొలతలు

హన్మకొండ
13 ఫిబ్రవరి 2025

ప్రియమైన తేజస్వికి,

నీ ఉత్తరం అందింది. ఈ సంగతులు ఫోన్‌లో మాట్లాడుకోవచ్చు కదా అని మీ అమ్మ సుకన్య అన్నదట. కొలత ఫోన్‌లో చెప్పేది కాదు. తేదీ, సంతకం ఉంటేనే అది కొలత. భూగర్భజల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు బావులు కొలిచినవాడికి ఇంకో అలవాటు రాదు.

నువ్వు అడిగినది నాకు అర్థమైనంత వరకు ఇది. రైతులు ఫోన్ చేసి తమ మాటలో పంట సంగతి అడిగితే జవాబు చెప్పే యంత్రాన్ని మీరు తయారుచేశారు. దాన్ని నడిపే కంప్యూటర్లు మా వైపే, రాళ్లకుంట ఊరి శివారులో ఒక హాలులో ఉన్నాయి. అవి వేడెక్కకుండా నీళ్లతో చల్లబరుస్తారు. నీళ్లు అక్కడి బోరువి. యంత్రం వల్ల మనుషులకు ఎంత మేలు, నేలకు ఎంత ఖర్చు అన్నది నీ పరిశోధన. కరెంటు సంగతి మీటరు చెబుతుంది. నీళ్ల సంగతి చెప్పడానికి నేను కావాలి.

నిన్న బుధవారం వెళ్లాను. పాత స్టీలు టేపు ఇంకా పనికొస్తుంది. చివరన సుద్ద రాసి బోరులోకి దింపితే నీరు తగిలిన మేర సుద్ద రంగు మారుతుంది. మన ఇంట్లో సుద్దముక్కలకు ఎప్పుడూ కొరత లేదు. బడికి మీ పెద్దమ్మకు, బావికి నాకు. ఆమె అరలో ఇంకా రెండు డబ్బాలున్నాయి.

నేల మట్టం నుంచి నీరు 9.4 మీటర్ల లోతున ఉంది. నేను వెళ్లేసరికి బోరు ఆపి ఉంది. పదిహేను రోజులకోసారి, బుధవారం పొద్దున వస్తానని అక్కడి కాపలాదారు ఉప్పలయ్యకు చెప్పి వచ్చాను.

అతను నన్ను హాలు లోపలికి కూడా తీసుకుపోయాడు. నిలువెత్తు పెట్టెలు వరసగా ఉన్నాయి. బియ్యం మిల్లులో ఉన్నంత మోత. మీ పెద్దమ్మ పదకొండు నెలలు కిటికీ పక్కన కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తొడుక్కుని, రైతుల మాటలు విని రాసినవన్నీ ఆ పెట్టెల్లోనే ఉన్నాయని నువ్వు ఒకసారి చెప్పావు. ఏ పెట్టెలో అని ఉప్పలయ్యను అడగలేదు.

ఇల్లు బాగానే ఉంది. వంట నేనే చేసుకుంటున్నాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న
సారంగపాణి


హైదరాబాద్
20 ఫిబ్రవరి

ప్రియమైన పెద్దనాన్నకు,

మీ కొలత కాగితాన్ని మా కిషన్ రావు సార్‌కు చూపించాను. ఆయన నా గైడు. సంతకం చూసి, "ఇట్లాంటి కాగితం చూసి ఎన్నేళ్లయిందమ్మా" అన్నారు.

మీరు అడగలేదు గాని చెబుతున్నాను. ఆ పెట్టెల్లో పెద్దమ్మ గొంతు ఎక్కడా లేదు. ఆమె వినికిడి ఉంది. రికార్డు చేసిన మాటను పదిహేను మంది కూర్చుని విని రాశారు. ఆ రాసినదాన్ని చూసే యంత్రం వినడం నేర్చుకుంది. అందరికీ మేం ఒక నియమం పెట్టాం, పుస్తకాల భాషలో రాయమని. పద్నాలుగు మంది సరేనన్నారు. పెద్దమ్మ ఒక్కతే నన్ను పిలిచి, "వాళ్లు అన్నది రాయమంటున్నవా, అనాల్సింది రాయమంటున్నవా? ముప్పై ఏండ్లు పిల్లల రాత దిద్దిన. ఇప్పుడు పెద్దోళ్ల మాట నేను దిద్ద" అంది. ఆమెతో వాదించే ధైర్యం నాకు ఎప్పుడుంది?

ఇప్పుడు అసలు సంగతి. జూన్‌లో కమిటీ కూర్చుంటుంది. ఫోన్ సేవను మిగతా జిల్లాలకు ఇవ్వాలా, మొత్తానికే ఆపాలా అన్నది అప్పుడు తేలుతుంది. ఎండాకాలం నీళ్లకు కటకటపడే చోట ఇలాంటి హాలు ఎందుకని సగం మంది వాదన. చుట్టుపక్కల బావులకు దెబ్బ తగులుతోందని తేలితే సేవ ఆగిపోతుంది. తగలడం లేదని తేలితే నిలుస్తుంది. అందుకే మీ కొలత మీద ఇంత భారం వేశాను.

అమ్మ మీకు నిమ్మకాయ తొక్కు పంపుతానంటోంది. వద్దనకండి, నాకు చీవాట్లు పడతాయి.

మీ కొలతల కోసం చూసే
తేజస్వి


హన్మకొండ
13 మార్చి

ప్రియమైన తేజస్వికి,

కొలతలు. ఫిబ్రవరి 12న 9.4. ఫిబ్రవరి 26న 9.4. నిన్న మార్చి 12న 9.5. ఆ ఇరవై ఆరు శివరాత్రి. ఉప్పలయ్య ఉపవాసంతో కూడా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మర్యాద తెలిసిన మనిషి. నిన్న సంపు అంచుదాకా నింపి, చుట్టూ కడిగి, నాకు కుర్చీ వేసి ఉంచాడు.

నీరు దిగలేదు. అంటే హాలు తాగే నీరు నేలకు భారం కాలేదు. నీ పరిశోధన పేపరులో రాసుకో.

ఇంకొక సంగతి. హాలుకు రెండు వందల గజాల దూరంలో మొగిలమ్మ అనే ఆమెకు ఎకరంన్నర పొలం, ఒక పాత బావి ఉన్నాయి. యాసంగి వరి వేసింది. చదువు లేదు. గట్టు మీద కూర్చుని ఉంటే పలకరించాను. మీ ఫోన్ సేవ తెలుసా అని అడిగాను.

"తెల్వకేంది సారు. నా వరి ఆకు మీద తుప్పు లెక్క మచ్చలు లేశినయ్. దుకాణపాయన రెండు మందులిచ్చిండు, కొట్టిన, తగ్గలె. మూడోది కొట్టుమన్నడు. మా కోడలు కావ్య ఈ నంబరు కలిపిచ్చింది. అది పురుగు కాదు తల్లీ, భూమిల జింకు తక్కువయింది, ఆ మందు కొట్టకు, ఇది చల్లు, ఒకపాలి వ్యవసాయం సారుకు గూడ ఆకు సూపెట్టు అన్నది. సూపెట్టిన. ఆయన గూడ గదే అన్నడు."

"నీ మాట దానికి అర్థమైందా?"

"మల్లొక్కసారి చెప్పు అనకుంట విన్నది. మా ఆయన గూడ అట్ల వినలె ఏనాడు."

బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటే అనుకున్నాను. ఒక మనిషి మాటను దిద్దకుండా వినే యంత్రం తయారైంది. అది చిన్న పని కాదు. మీ అందరి మీద నాకు గౌరవం కలిగింది.

తొక్కు అందింది. ఉప్పు సరిపోయిందని సుకన్యకు చెప్పు.

మీ పెద్దనాన్న
సారంగపాణి


హైదరాబాద్
2 ఏప్రిల్

ప్రియమైన పెద్దనాన్నకు,

మార్చి 26 కొలత కూడా అందింది. మళ్లీ 9.5. ముందే పంపి ఉన్న పేపరులో దాన్ని చేర్చగానే పత్రికవాళ్లు తీసుకున్నారు! ఈ నెలాఖరున అచ్చవుతుంది. మీ నాలుగు కొలతలు రెండో పట్టికలో ఉన్నాయి.

పేపరును పరీక్షించిన వాళ్లలో ఒకరు ఒక్క ప్రశ్న వేశారు. ఫిబ్రవరి నుంచి మార్చి చివరి దాకా, రాతి నేలలో, నీరు ఎందుకు దిగలేదు అని. నేను ఒక్క వాక్యం జవాబు రాశాను. కొలిచినవారు ముప్పై ఒక్క ఏళ్లు ఈ జిల్లా బావులనే కొలిచారు, ఆ చేతి కొలత మీద మాకు అనుమానం లేదు అని. దాంతో ఆయన ఒప్పుకున్నారు.

కిషన్ రావు సార్ స్వీట్లు పంచారు. పెద్దమ్మ ఉంటే ముందు పేపరులో తప్పులు దిద్ది, తర్వాత మెచ్చుకునేది.

సంతోషంతో,
తేజస్వి


హన్మకొండ
21 ఏప్రిల్

ప్రియమైన తేజస్వికి,

పేపరు ఆపు. నా నాలుగు కొలతలూ తప్పు.

ఏప్రిల్ 9 బుధవారం నాకు బస్సు దొరకలేదు. మర్నాడు గురువారం వెళ్లాను. దూరం నుంచే బోరు మోత వినిపించింది. ఉప్పలయ్య నన్ను చూసి తువ్వాల సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"నిన్న రాకపోతిరి సార్. నిన్న, మొన్న బోరు బంద్ పెట్టే ఉంచిన మీకోసం."

"ఎందుకు బంద్ పెట్టినవ్?"

"మీరు కొలువ వస్తున్నరు గద. చుట్టం వస్తుంటే ఇల్లు ఊడ్వమా సార్? సోమారమే సంపు, ట్యాంకులు నింపుకుంట. రెండు దినాలు అండ్ల నీళ్లతోనే ఎల్లుతది. గప్పటికి బోరుల నీళ్లు మీదికొచ్చి నిమ్మలంగ ఉంటయ్. మీరు గూడ మంచి లెక్క రాసుకొని పోతరు."

"ప్రతిసారీ ఇట్లనే చేసినవా?"

"అన్నిసార్లు. శివరాత్రి నాడు గూడ. ఏం సార్, తప్పా?"

తప్పు కాదు అన్నాను. అతనిలో మోసం లేదు. వస్తానని రోజు చెప్పి వెళ్లినవాడిని నేను. బోరు ఎప్పుడు ఆపారని అడగాల్సినవాడిని నేను. కోరుకున్న అంకె వచ్చినప్పుడు రెండోసారి కొలవమని కొత్త ఉద్యోగులకు నేర్పింది కూడా నేనే.

ఆ గురువారం నీరు 16.2 మీటర్ల దగ్గర ఉంది. నడుస్తున్న బోరులో ఎలాగూ లోతు ఎక్కువే కనిపిస్తుంది, దాన్నొక్కదాన్నే పట్టుకుని ఏమీ చెప్పలేం. అందుకని ఏప్రిల్ 11 నుంచి 20 వరకు రోజూ పొద్దున మొగిలమ్మ బావిని కొలిచాను. ఎవరికీ చెప్పలేదు, బస్సు కూడా మార్చి మార్చి వెళ్లాను. పది రోజుల్లో 7.1 నుంచి 8.3కు దిగింది. ఆమె మోటరు రోజూ రెండు గంటలు నడిచేది, ఇప్పుడు గంటంబావుకే గాలి గుంజుతోంది. వరి పాలు పోసుకునే దశ దాటింది గనక ఈ పంట గట్టెక్కుతుంది.

ఆ నీళ్లు ఎటు పోతున్నాయో ఆమెకు చెప్పాను. నీకు పంట సంగతి చెప్పే యంత్రమే తాగుతోంది అన్నాను. ఆమె హాలు వైపు తిరిగింది.

"మాట్లాడేదానికి దూప కాదా సారు. తాగనీ. కని నా మడి ఎండకుంట తాగాలె గద."

పది రోజుల కొలతలు వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి జతచేశాను. పాతవి పట్టికలోంచి తీసెయ్. తప్పు కొలిచినది ఎవరని అడిగితే నా పేరు చెప్పు.

దీనివల్ల ఏమవుతుందో నాకు తెలుసు. నీకూ తెలుసు.

సారంగపాణి


హన్మకొండ
19 మే

ప్రియమైన తేజస్వికి,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. కోపం ఉంటే న్యాయమే.

జూన్ కమిటీ దాకా ఆగకుండా ఈ నెల అయిదునే హాలు మూసేశారని ఉప్పలయ్య చెప్పాడు. ఫోన్ సేవ కూడా ఆగింది. నంబరు కలిపితే మోగి మోగి ఆగిపోతోంది.

నిన్న రాళ్లకుంట వెళ్లాను. మొగిలమ్మ కోత అయిపోయింది. ఫోన్ ఎందుకు పలకడం లేదని అడిగింది. నా కొలత వల్ల ఆపారని చెప్పాను. ఆమె చేతిలోని గంప కింద పెట్టింది.

"జర తక్కువ తాగుమని చెప్పొద్దా సారు? మీ అసొంటి సదువుకున్నోళ్లకు రెండే తెలుసు. పెట్టుడు, తీసుడు. నా బర్రె ఎక్కువ తిన్నదని బర్రెను అమ్ముకుంటనా?"

ఈ మాట నీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

హాలు ఆగాక కూడా ఆమె బావి దిగుతూనే ఉంది, ఎండాకాలం గనక. కానీ ముందు దిగిన దాంట్లో సగం వేగంతో. ఈ సంగతి కూడా న్యాయంగా నమోదు కావాలి.

నీ ఆరోగ్యం చూసుకో. సుకన్య ఫోన్‌లో ఫికర్ పడుతోంది, నువ్వు సరిగా తినడం లేదట.

మీ పెద్దనాన్న
సారంగపాణి


హైదరాబాద్
15 జూన్

ప్రియమైన పెద్దనాన్నకు,

కోపం కాదు. సిగ్గు. మీ ఉత్తరం వచ్చిన రోజే పేపరు వెనక్కి తీసుకున్నాం. ప్రశ్న వేసిన ఆయనకు నేను రాసిన ఒక్క వాక్యపు జవాబు గుర్తొచ్చి వారం రోజులు ఎవరి ముఖమూ చూడలేకపోయాను. కిషన్ రావు సార్ మాత్రం, "ఇది పోయిన పేపరు కాదమ్మా, తప్పిన గండం" అన్నారు.

మీరు రాసిన మొగిలమ్మ మాటను కమిటీకి వెళ్లేముందు నా బల్ల మీద అతికించుకున్నాను. "పెట్టుడు, తీసుడు." నిజంగానే మేం ఆ రెండే ఆలోచించాం. తక్కువ తాగమని దానికి చెప్పడం ఎలాగో ఎవరూ చూడలేదు. అప్పుడు కూర్చుని నీళ్లు ఎప్పుడు ఖర్చయ్యాయో రోజువారీగా విడదీశాను.

పెద్దనాన్నా, రైతులకు జవాబులు చెప్పడానికి పోయిన నీరు చాలా కొంచెం. దానికి నేర్పడానికి పోయింది మిగతాదంతా. ఏడాదిలో తొమ్మిది సార్లు మొదటి నుంచి నేర్పాం. ఎందుకంటే నేర్చింది నేర్చినట్టు నిలవడం లేదు. రైతు ఒకటి అంటాడు, మేం పెట్టిన నియమం ప్రకారం కాగితం మీద ఇంకొకటి ఉంటుంది. విన్నదీ చదివిందీ కలవక అది తికమకపడేది. తికమక తీరడానికి మేం ఇంకా రికార్డింగులు పోసేవాళ్లం, ఇంకా పెట్టెలు పెట్టేవాళ్లం. తప్పు మా నియమంలో ఉంది.

అందుకని పెద్దమ్మ రాసినవి మాత్రమే తీసుకున్నాను. రెండు వందల పన్నెండు గంటల మాటలు. మొత్తంలో అది పదో వంతు కూడా కాదు. వాటితో ఒక చిన్న యంత్రానికి నేర్పాను. అది ఒక బల్ల మీద పట్టే కంప్యూటరులో నడుస్తుంది. చల్లబరచడానికి ఫ్యాను చాలు. నీళ్లు అక్కర్లేదు.

ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీ వైపు ఊళ్ల ఆడవాళ్ల మాట పదిలో తొమ్మిది సార్లు సరిగ్గా వింటుంది. పెద్ద యంత్రమూ అంతే వినేది. డోర్నకల్ రైల్వే వాళ్ల హిందీ కలిసిన మాట సగమే అందుతుంది. కాబట్టి మిగతా జిల్లాలకు ఇవ్వడానికి కమిటీ ఒప్పుకోలేదు. నలభై ఊళ్లకు, ఒక్క ఏడాదికి ఒప్పుకుంది. హాలు ఇక తెరవరు. జూలై ఒకటిన ఫోన్ మళ్లీ పలుకుతుంది.

రెండు అడగాలి. పద్నాలుగు మంది దిద్ది రాసిన రికార్డింగులు గుట్టగా ఉన్నాయి. వాటిని ఎవరైనా మళ్లీ విని, అన్నది అన్నట్టు రాయాలి. అప్పుడే డోర్నకల్ వాళ్లకూ సేవ అందుతుంది. మీరు వింటారా? పెద్దమ్మ హెడ్‌ఫోన్లు ఇంట్లోనే ఉండాలి.

రెండోది అడగడం కాదు, చెప్పడం. కొత్త పేపరు మొదటి పేజీ కింద ఈ వాక్యం పెట్టాం. "తన కొలతలోని తప్పును తెలిసిన మరుక్షణమే తానే బయటపెట్టిన సారంగపాణి గారికి ఈ పరిశోధన రుణపడి ఉంది." కాదనకండి.

ప్రేమతో,
తేజస్వి


హన్మకొండ
10 జూలై

ప్రియమైన తేజస్వికి,

ఆ వాక్యం తీసెయ్. అది నిజం కాదు.

ఏప్రిల్ 9న బస్సులు తిరిగాయి. నేను కావాలనే గురువారం వెళ్లాను.

మార్చి 12నే నాకు తెలిసింది. ఎండలు ముదురుతుంటే ఒక్క గీత దగ్గర నిలబడే నీటిని ఈ జిల్లాలో నేను ఎక్కడా చూడలేదు. పొర్లేంత నిండిన సంపు చూశాను. బోరు పైపు మీద చెయ్యి వేస్తే ఎండకు కాలి ఉంది, లోపల నీరు పారి చాలాసేపయిందని అర్థం. ఒక్క మాట అడిగితే ఉప్పలయ్య దాచేవాడు కాదు. అడగలేదు. ఇంటికి వచ్చి, నీరు దిగలేదని నీకు రాశాను. 26న మళ్లీ వెళ్లి అదే కొలత తెచ్చాను. అతను మర్యాద చేశాడు. నేను ఆ మర్యాదను వాడుకున్నాను.

కారణం చెప్పాలి గనక చెబుతాను. చివరి రోజుల్లో దవాఖానాకు కూడా మీ పెద్దమ్మ ఆ విని రాసే పని పట్టుకుపోయింది. సెలైన్ ఎక్కుతుంటే ఒక చెవితో వినేది. చాలించమంటే, "ఈమె మాట సగంల ఉంది, అయిపోనీ" అనేది. ఆ పని ఎవరి బావినీ ఎండబెట్టలేదని ఎక్కడైనా అచ్చులో ఉండాలని కోరుకున్నాను. ఇరవై తొమ్మిది రోజులు ఆ కోరికను కొలతగా చలామణీ చేశాను.

ఏప్రిల్‌లో నీ ఉత్తరం వచ్చింది. నా చేతి కొలత మీద అనుమానం లేదని ప్రశ్న వేసిన ఆయనకు నువ్వు రాసిన జవాబు చదివాను. ఆ తర్వాత బుధవారం వెళ్లడం నాకు సాధ్యం కాలేదు. అంతే జరిగింది.

పేపరులో నా పేరు ఉండాలంటే కొలతల కింద ఉండనీ. మొదటి పేజీలో వద్దు. ఇదంతా కిషన్ రావు గారికి చెప్పు. ఈ ఉత్తరమే చూపించు.

నీ పని గురించి నాలుగు మాటలు. ఎన్ని పెద్ద యంత్రాలు పెట్టారన్నది నన్ను ఆశ్చర్యపరచలేదు. ఉన్నదాన్ని చిన్నది చేసి అదే పని చేయించావు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు లోతుకు పోయే బోర్లనే చూశాను. పైకి వచ్చే ఆలోచన చేసినవాళ్లను చూడలేదు. ఇది నా మెచ్చుకోలు. నేను ఎక్కువగా మెచ్చుకోనని మీ అమ్మకు తెలుసు.

మొగిలమ్మ ఒకటో తారీకునే ఫోన్ కలిపించుకుందట. నారుమడి గురించి అడిగింది. జవాబు సరిగానే చెప్పిందట. "ఇప్పుడు ఎంత తాగుతాంది సారు?" అని నన్ను అడిగింది. ఏమీ తాగడం లేదు, కొంచెం కరెంటు తింటోంది అన్నాను. "గట్లైతే ఉండనీ" అంది. వానలకు ఆమె బావి 5.8కి వచ్చింది. ఏ రోజు వెళ్లానో రాయడం లేదు, ముందుగా ఎవరికీ చెప్పి వెళ్లడం మానేశాను.

రికార్డింగులు వింటున్నాను. రోజుకు రెండు గంటలకు మించి వినలేకపోతున్నాను. పదకొండు నెలలు ఆమె ఎలా విన్నదో పక్క గదిలో ఉండి కూడా నేను గమనించలేదు. మాట కన్నా మధ్యలో ఆగడం రాయడమే కష్టం. పద్నాలుగు మందీ ఆ ఆగడాలను వదిలేశారు.

నిన్నటి రికార్డింగు డోర్నకల్‌లో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన వెంకట్రాజం అనే ఆయనది. కూరగాయల మడి గురించి చెబుతున్నాడు. చాలా బాగా చెబుతున్నాడు. మధ్యలో, మా ఇంటామె ఉన్నప్పుడు బెండకు నీళ్లు ఆమే పెట్టేది అని, ఆగిపోయాడు. పదకొండు సెకన్లు ఏమీ లేదు. వెనుక ఒక గూడ్సు బండి పోయింది. దగ్గాడు. తర్వాత వంకాయ గురించి మొదలుపెట్టాడు.

ఆ దగ్గును రాయాలా, వదిలేయాలా? మీ పెద్దమ్మ ఏం చేసేదో ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు. ఆమె కాగితాలు తీసి వెదకొచ్చు, వెదకలేదు.

రాశాను. పదకొండు సెకన్లు కూడా రాశాను. తప్పయితే చెప్పు.

మీ పెద్దనాన్న
సారంగపాణి